లె మాన్ చెక్కిన కారు: జాగ్వార్ సీ, డీ, ఈ-టైప్‌ల వెనక లెక్క

1950లలో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాగ్వార్ రేసు కార్లకు రూపం ఇచ్చిన మాల్కమ్ సేయర్ పనిలో బొమ్మల కంటే అంకెలదే పైచేయి. లాగరిథమ్ పట్టికలు, స్లైడ్ రూల్ దగ్గర పెట్టుకుని, కారు ముక్కు నుంచి తోక దాకా ఏ చోట బాడీ ఎంత ఎత్తు ఉండాలో, ఎంత వెడల్పు ఉండాలో లెక్క కట్టి వరసగా పట్టికలు రాసేవారు. ఆ బిందువులన్నీ కలిపితే వచ్చే వంపే కారు. జాగ్వార్‌కు రాకముందు ఆయన బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేశారు. స్టైలిస్ట్ అని పిలిస్తే ఆయనకు నచ్చేది కాదు. తాను ఏరోడైనమిక్స్ మనిషినని చెప్పుకునేవారు.

ఆయన లెక్కల్లోంచి వచ్చిన ఈ-టైప్‌ను 1996లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలో చేర్చుకుంది. కళాఖండాల పక్కన నిలబడ్డ ఆ కారులో అందం కోసమే గీసిన గీతలు చాలా తక్కువ. దాదాపు ప్రతి వంపుకీ ఒక రేసు అవసరం ఉంది. జాగ్వార్ వారసత్వం అనగానే గెలిచిన కప్పులు లెక్కపెట్టడం అందరికీ అలవాటు. ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో ఎదురైన ఒక్కో చిక్కుకు దొరికిన పరిష్కారం, మామూలు మనుషులు కొనుక్కునే కారులోకి ఎలా నడిచి వచ్చిందో చూస్తే తప్ప ఆ వారసత్వం విలువ అర్థం కాదు.

విలియం లయన్స్ 1922లో బ్లాక్‌పూల్‌లో విలియం వామ్స్‌లీతో కలిసి మోటార్‌సైకిళ్లకు సైడ్‌కార్లు తయారుచేయడంతో ఈ కంపెనీ మొదలైంది. తర్వాత కోవెంట్రీకి మారి కార్లలోకి దిగింది. ఎస్ఎస్ అనే పాత పేరు నాజీ దళాలను గుర్తుచేస్తుండటంతో 1945లో జాగ్వార్ కార్స్‌గా మారింది. లయన్స్‌ది కంటితో తేల్చే పద్ధతి. రేకు పనివాళ్లను పక్కన పెట్టుకుని, పూర్తి సైజు నమూనాను ఎదురుగా నిలబెట్టి, ఇక్కడ కాస్త తగ్గించండి, అక్కడ లాగండి అంటూ రూపం తెచ్చేవారు. సేయర్‌ది లెక్కతో తేల్చే పద్ధతి. ఒకే కంపెనీకి ఇద్దరూ దొరకడం, అందులోనూ లయన్స్ లాంటి యజమాని రేసు కార్ల రూపాన్ని సేయర్‌కు వదిలేయడం జాగ్వార్ చేసుకున్న అదృష్టం.

కథకు అసలు పునాది మాత్రం ఇంజిన్. యుద్ధం రోజుల్లో బాంబులు పడి మంటలు లేస్తాయేమోనని ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాసేవారు. ఆ వంతుల్లో చీఫ్ ఇంజినీర్ విలియం హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ లయన్స్‌తో కూర్చుని, యుద్ధం అయిపోయాక చేయబోయే ఇంజిన్ గురించి మాట్లాడుకునేవారు. అలా పుట్టింది ఎక్స్‌కే ఇంజిన్. వరసగా ఆరు సిలిండర్లు, 3,442 సీసీ, హెడ్ మీద వాల్వులను తెరిచి మూసే రెండు క్యామ్‌షాఫ్టులు. అప్పట్లో ఈ ఏర్పాటు రేసు కార్లలోనో, కొద్దిమంది మాత్రమే కొనగల కార్లలోనో ఉండేది. సిలిండర్ వ్యాసం 83 మిల్లీమీటర్లయితే, పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం 106 మిల్లీమీటర్లు. అంటే ఇంజిన్ బాగా ఎత్తు. ఈ ఎత్తు తర్వాత పదిహేనేళ్ల పాటు డిజైనర్లకు తలనొప్పి అయింది.

1948 లండన్ మోటార్ షోలో ఈ ఇంజిన్‌తో ఎక్స్‌కే120 వచ్చింది. మరుసటి ఏడాది బెల్జియంలోని జబెక్ దగ్గర హైవే మీద అది గంటకు 213 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1950లో లె మాన్‌కు వెళ్లిన మూడు ఎక్స్‌కే120లలో ఒకటి చాలాసేపు ముందువరసలో నడిచి, క్లచ్ పోయి ఆగిపోయింది. మిగిలిన వాటిలో మెరుగైనది 12వ స్థానంలో నిలిచింది. ఫలితం గొప్పది కాకపోయినా, హేన్స్‌కు కావలసింది అందులో దొరికింది. ఇంజిన్‌కు ఢోకా లేదు, దాని చుట్టూ ఉన్న కారే బరువు అని తేలిపోయింది.

లె మాన్ ఎలాంటి చోటో తెలిస్తేనే తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. అప్పటి ల్యాప్ 13.49 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో జనం తిరిగే రోడ్లనే రేసు కోసం మూసేవారు. అందులో ముల్సాన్ దగ్గర దాదాపు 6 కిలోమీటర్లు తిన్నగా పోయే దారి. అక్కడ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. చివర్లో మాత్రం దాదాపు లంబకోణంలో తిరిగే మలుపు. ఇదే పని పగలూ రాత్రీ, ఎండలో వానలో, 24 గంటలు. కాబట్టి ఇక్కడ గెలిచే కారు గాలిని తేలిగ్గా చీల్చుకుపోవాలి, మలుపు దగ్గర ప్రతిసారీ నమ్మకంగా ఆగాలి, తెల్లారే దాకా చెడిపోకుండా ఉండాలి. ఇంజిన్ బలం ఈ మూడింటి తర్వాతే. వేగం రెట్టింపు కావాలంటే గాలి అడ్డును దాటడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. బలం పెంచడం కంటే అడ్డు తగ్గించడం చవక. విమానాల నుంచి వచ్చిన సేయర్‌కు ఇది కొత్త విషయం కాదు.

1951లో సన్నని గొట్టాల ఫ్రేము మీద, అల్యూమినియం బాడీతో సీ-టైప్ వచ్చింది. ఇంజిన్ పాతదే. మొదటి ప్రయత్నంలోనే పీటర్ వాకర్, పీటర్ వైట్‌హెడ్ లె మాన్ గెలిచారు. మరుసటి ఏడాది మాత్రం జాగ్వార్ ఘోరంగా దెబ్బతింది. ఆ దెబ్బ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1952 వసంతంలో ఇటలీలో జరిగిన మిల్లే మిలియా రేసులో కొత్త మెర్సిడెస్ 300 ఎస్ఎల్ వేగం చూసి జాగ్వార్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ కంగారుపడ్డారు. లె మాన్‌లో ఇంకా వేగం కావాలని కోవెంట్రీకి కబురు పంపారు. హడావిడిగా ముక్కు పొడిగించి, కిందకు వంచి, తోక సాగదీసి కొత్త బాడీ చేశారు. ముక్కు కిందకు దిగడంతో రేడియేటర్ నీటి ఏర్పాటు కూడా మార్చాల్సి వచ్చింది. రేసు మొదలైన కొన్ని గంటల్లోనే మూడు కార్లూ ఆగిపోయాయి, వాటిలో రెండు వేడెక్కడం వల్లే. తప్పంతా ఆ కొత్త ముక్కుదే అనుకున్నారు అందరూ. తర్వాత టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ పరీక్షించి చూస్తే వేరే విషయం బయటపడింది. నీటి పంపు పుల్లీ మరీ చిన్నది. దాంతో పంపు అతివేగంగా తిరిగి నీళ్లలో బుడగలు పుట్టిస్తోంది. రేడియేటర్‌కు దూరంగా పెట్టిన నీళ్ల ట్యాంకుకు వెళ్లే గొట్టం 7/8 అంగుళం మాత్రమే. పుల్లీ పెద్దది చేసి, గొట్టం 1¼ అంగుళాలకు మార్చగానే సమస్య పోయింది. అంటే ఒక సన్నని గొట్టం, ఒక చిన్న పుల్లీ కలిసి రేసును పోగొట్టాయి. జాగ్వార్ ఇంజినీర్లు ఈ ఓటమి తర్వాత సాకులు వెతక్కుండా టెస్ట్ ట్రాక్‌కు వెళ్లడం గమనించాల్సిన సంగతి. 1953లో గెలుపు అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఏడాది కార్లకు నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్క్ బ్రేకులు బిగించారు. డ్రమ్ బ్రేకు ఎందుకు ఓడిపోతుందో, డిస్క్ ఎందుకు నిలబడుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. డ్రమ్ ఒక గిన్నె లాంటిది, లోపలి నుంచి బ్రేక్ షూలు బయటకు నొక్కుతాయి. వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గుతుంది. ఆ వేడి బయటకు పోవడానికి దారి తక్కువ. డిస్క్ అలా కాదు. రెండు ప్యాడ్ల మధ్య తిరుగుతూ, గాలికి తెరుచుకుని ఉంటుంది. వేడెక్కి మందం పెరిగినా ప్యాడ్ల వైపే పెరుగుతుంది. ముల్సాన్ చివర రాత్రంతా ప్రతి ల్యాప్‌లోనూ వచ్చే మలుపుకు ఈ తేడా ప్రాణం లాంటిది.

వినడానికి సులువే కానీ, పని చేయించడం సులువు కాలేదు. తొలి ప్రయోగాల్లో బ్రేక్ ఆయిల్ మరిగిపోయేది. తిన్నని దారిలో డిస్క్ కాస్త ఊగితే ప్యాడ్లు వెనక్కి జరిగిపోయేవి, మలుపు దగ్గర పెడల్ ఒక్కసారి నేలకు దిగిపోయేది. డ్యూయిస్ వేల మైళ్లు తిప్పి తిప్పి ఒక్కో లోపం సరిచేయించారు. 1952లో ఫ్రాన్స్‌లోని రెయిమ్స్ రేసులో డిస్క్ బ్రేకుల సీ-టైప్‌తో మాస్ గెలిచారు. 1953 లె మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ మొదటి స్థానంలోనూ, మిగతా రెండు ఫ్యాక్టరీ కార్లు రెండు, నాలుగు స్థానాల్లోనూ నిలిచాయి. ఆ రేసు చరిత్రలో గెలిచిన కారు సగటు వేగం గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటడం అదే మొదటిసారి. ఇవాళ మన వీధిలో తిరిగే బైకులకు కూడా డిస్క్ బ్రేకు ఉంది. కార్లలో ఆ పద్ధతి మీద లోకానికి నమ్మకం కుదిర్చిన ఘట్టాల్లో ఈ రేసు మొదటి వరసలో ఉంటుంది. జాగ్వార్ గెలిచిన కప్పులన్నిటి కంటే ఇదే పెద్ద విషయం.

1954లో వచ్చిన డీ-టైప్‌లో సేయర్ తన విమానాల అనుభవాన్ని మొత్తం పెట్టారు. మధ్యభాగం ఫ్రేము మీద కప్పిన రేకు కాదు. రేకులను రివెట్లతో కలిపి చేసిన గట్టి తొట్టి, బాడీయే బరువు మోస్తుంది. దాని ముందు ఇంజిన్‌ను మోసే గొట్టాల ఫ్రేము. మొదటి ఏడాది ఈ ఫ్రేమును తొట్టికి వెల్డింగ్ చేశారు. 1955 నాటికి బోల్టులతో బిగించారు. గుద్దుకుంటే ముందు భాగం విప్పి మార్చుకోవచ్చన్నది ఆలోచన. పెట్రోలు ఇనుప ట్యాంకుల్లో కాకుండా, విమానాల్లో లాగా మెత్తటి సంచుల్లో నింపారు.

ఇక్కడ ఎక్స్‌కే ఇంజిన్ ఎత్తు అడ్డం వచ్చింది. బానెట్ కిందకు దిగాలి, ఇంజిన్ దిగనివ్వదు. దానికి రెండు ఉపాయాలు పట్టారు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే లోతైన సంప్ తీసేసి, ఆయిల్‌ను వేరే ట్యాంకులో పెట్టి పంపుతో తిప్పారు. ఇంజిన్‌ను నిటారుగా కాకుండా 8.5 డిగ్రీలు పక్కకు వాల్చారు. ఎదురుగా గాలికి తగిలే వైశాల్యం తగ్గింది. డ్రైవర్ తల వెనక నిలబెట్టిన పెద్ద రెక్క కూడా అలంకారం కాదు. అధిక వేగంలో పక్కగాలికి ముక్కు పక్కకు పోకుండా, విమానం తోక చేసే పనే అదీ చేస్తుంది.

ఈ లెక్క ఫలించిందనడానికి 1954 లె మాన్ కొలతలే సాక్ష్యం. ముల్సాన్ దారిలో 3.4 లీటర్ల డీ-టైప్ గంటకు 278 కిలోమీటర్లు అందుకుంది. దానికంటే ఎంతో పెద్దదైన 4.9 లీటర్ల ఇంజిన్ ఉన్న ఫెరారీ 258 దగ్గరే ఆగింది. అయినా ఆ రేసు ఫెరారీదే. పెట్రోలులో కలిసిన సన్నటి మడ్డి ఫిల్టర్లకు పట్టి జాగ్వార్లు తొలి గంటల్లోనే సమయం పోగొట్టుకున్నాయి. చివరికి ఒక్క ల్యాప్ కూడా లేని తేడాతో ఓడిపోయాయి.

1955 గురించి రాయడం కష్టం. లె మాన్‌కు బయల్దేరిన లయన్స్ ఒక్కగానొక్క కొడుకు జాన్ ఫ్రాన్స్ రోడ్డు మీద ప్రమాదంలో చనిపోయారు. జూన్ 11 సాయంత్రం, పిట్ (రేసు మధ్యలో కార్లు ఆగి పెట్రోలు, రిపేర్లు చూసుకునే చోటు) వైపు వెళ్లడానికి మైక్ హాథోర్న్ డీ-టైప్ వేగం తగ్గించింది. వెనకే ఉన్న లాన్స్ మాక్లిన్ ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకుంది. దాని వెనక నుంచి వచ్చిన పియర్ లవె మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ దానికి తగిలి గాల్లోకి లేచింది. ముక్కలు జనం మీద పడ్డాయి. లవెతో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. విచారణ ఏ డ్రైవర్‌నూ దోషిగా తేల్చలేదు. అంత వేగాలకు ఆ ట్రాక్ సరిపోదన్నదే తేలింది. పిట్‌లకు విడిగా దారి కూడా లేని ట్రాక్ అది. ఆ రాత్రి మెర్సిడెస్ రేసు నుంచి తప్పుకుంది, జాగ్వార్ కొనసాగింది. హాథోర్న్, ఐవర్ బ్యూబ్ గెలిచారు. లె మాన్ విజయాల లెక్క చెప్పేటప్పుడు ఈ ఒక్కదాన్ని ఆ మృతుల ప్రస్తావన లేకుండా చెప్పడం న్యాయం కాదు.

1956లో స్కాట్లండ్‌కు చెందిన ఎకూరీ ఎకోస్ అనే ప్రైవేటు జట్టు డీ-టైప్‌తో లె మాన్ గెలిచింది. ఆ ఏడాది చివర జాగ్వార్ స్వయంగా రేసుల్లో పాల్గొనడం మానేసింది. 1957లో మళ్లీ ఎకూరీ ఎకోసే. మొదటి నాలుగు స్థానాలూ, ఆరో స్థానమూ డీ-టైప్‌లవే. ఆ ఏడాది ఫిబ్రవరి 12న కోవెంట్రీలో జాగ్వార్ వారి బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ తగలబడింది. మిగిలిపోయిన డీ-టైప్‌లకు అద్దం, టాప్, రెండో తలుపు పెట్టి రోడ్డు కారుగా మార్చిన ఎక్స్‌కేఎస్ఎస్‌లలో 9 ఆ మంటల్లో పోయాయి. అప్పట్లో పూర్తయినవి 16 మాత్రమే. ఎక్స్‌కేఎస్ఎస్ ఆలోచన ముందుకు సాగకపోవడం మంచిదే అయిందనిపిస్తుంది. రేసు కారుకు సామాను కట్టి రోడ్డు మీదకు తోలే దారి వదిలి, అదే సూత్రాలతో రోడ్డు కారును మొదటి నుంచీ కట్టే దారి జాగ్వార్ పట్టింది.

1961 మార్చి 15న జెనీవాలో ఈ-టైప్ బయటకు వచ్చింది. నడిపి చూడాలనుకునేవాళ్ల తాకిడికి అక్కడున్న ఒక్క కారు చాలలేదు. లయన్స్ ఫోన్ చేస్తే, డ్యూయిస్ కోవెంట్రీ నుంచి ఓపెన్ టాప్ కారులో బయల్దేరి, ఓడలో ఇంగ్లిష్ చానల్ దాటి, రాత్రంతా నడిపి మర్నాడు ఉదయానికి జెనీవా చేరారు. కొత్త కారుకు అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

ఆ కారులో డీ-టైప్ ఎక్కడెక్కడుందో చూడండి. మధ్యలో బరువు మోసే స్టీలు తొట్టి. దాని ముందు చదరపు గొట్టాల ఫ్రేము, బోల్టులతో బిగించినదే. ముక్కు, మడ్‌గార్డులు, ఇంజిన్ పైకప్పు అన్నీ కలిసిన ఒకే పెద్ద బానెట్. ముందు వైపు నుంచి కీలు మీద మొత్తం పైకి లేస్తే ఇంజిన్, ముందు చక్రాల సస్పెన్షన్ మెకానిక్ ఎదుట పూర్తిగా తెరుచుకుంటాయి. పిట్‌లో ఒక్కో నిమిషం లెక్కపెట్టుకునే జట్టు అవసరం అది. రోడ్డు కారు కాబట్టి ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే ఖరీదైన డ్రై సంప్ పెట్టలేదు, ఇంజిన్‌ను వాల్చలేదు. మరి ఆ 106 మిల్లీమీటర్ల పిస్టన్ ప్రయాణం ఎక్కడికి పోతుంది? బానెట్ మధ్యలో పొడుగ్గా లేచిన ఉబ్బు ఆ ఎత్తుకు ఇచ్చిన చోటు. జనం ఎక్కువగా మెచ్చుకునే వంపుల్లో అదొకటి.

వెనక సస్పెన్షన్ మాత్రం డీ-టైప్‌ను దాటి వచ్చింది. డీ-టైప్ వెనక రెండు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపేది. లె మాన్ లాంటి నున్నటి రోడ్డుకు అది చాలు, గతుకుల దారిలో కాదు. బాబ్ నైట్ బృందం ఈ-టైప్‌కు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఏర్పాటు చేసింది. డిస్కులను చక్రాల దగ్గర కాకుండా, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌కు ఆనించి లోపల పెట్టింది. చక్రంతో పాటు ఎగిరే బరువు తగ్గి ప్రయాణం మెత్తగా అయింది. ఆ పద్ధతి తర్వాత దశాబ్దాల పాటు జాగ్వార్ సెడాన్లలోనూ నిలిచింది.

3.8 లీటర్లు, 265 హార్స్ పవర్, గంటకు 241 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పింది. పత్రికలకు ఇచ్చిన కార్లు ప్రత్యేకంగా సిద్ధం చేసినవి. కొనుక్కున్నవాళ్ల కార్లు సాధారణంగా అంత వేగం అందుకోలేదు. ధర మాత్రం నిజమైన సంచలనం. ఓపెన్ టాప్ రోడ్‌స్టర్ 2,097 పౌండ్లు, ఆస్టన్ మార్టిన్ డీబీ4 ధరలో దాదాపు సగం. ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఓల్టన్ పార్క్ ట్రాక్‌లో తొలి రేసులోనే గ్రాహమ్ హిల్ ఈ-టైప్‌తో గెలిచారు. ఆ తర్వాత ఫెరారీ 250 జీటీఓ వచ్చి పైచేయి సాధించింది. దానికి జవాబుగా 1963 నుంచి అల్యూమినియం బాడీతో తేలికపాటి ఈ-టైప్‌లు చేశారు. 18 అనుకున్నారు, 12 దగ్గర ఆపేశారు. మిగిలిన ఆరింటినీ కట్టే పని 2014లో జాగ్వారే మళ్లీ మొదలుపెట్టింది.

లోపాలూ దాచాల్సినవి కావు. మొదటి కార్లలో కాళ్లు చాపుకునే చోటు చాలక నేల రేకును లోతు చేయాల్సి వచ్చింది. గేర్‌బాక్స్ మొరటుగా ఉండేది, 1964లో 4.2 లీటర్ల ఇంజిన్‌తో పాటు అదీ మారింది. లోపల పెట్టిన వెనక డిస్కుల వేడికి డిఫరెన్షియల్ సీళ్లు కారేవి. ప్యాడ్లు మార్చాలంటే మెకానిక్‌కు చుక్కలు కనిపించేవి. అమెరికా భద్రతా నియమాల కోసం హెడ్‌లైట్ల మీది గాజు మూతలు పోయాయి, బంపర్లు పైకి జరిగాయి. 1968 నాటి సిరీస్ 2కి వచ్చేసరికి సేయర్ పట్టికల్లోని అంకెలు ఒక్కొక్కటే చెదిరిపోయాయి. ఆయన 1970లో చనిపోయారు. 1971లో 5.3 లీటర్ల, 12 సిలిండర్ల వీ12 ఇంజిన్‌తో వచ్చిన సిరీస్ 3 బరువెక్కిన, సౌకర్యవంతమైన కారు. 1974లో తయారీ ఆగే నాటికి మొత్తం 72 వేలకు పైగా ఈ-టైప్‌లు అమ్ముడయ్యాయి.

సిరీస్ 3ని రేసు అభిమానులు తేలిగ్గా తీసేస్తారు. అది సరికాదు. ఆ రోడ్డు కారులో వచ్చిన వీ12 ఇంజినే తర్వాత 7 లీటర్లకు పెరిగి, టామ్ వాకిన్‌షా జట్టు ఎక్స్‌జేఆర్-9లో కూర్చుని 1988లో లె మాన్ గెలిచింది. 1957 తర్వాత జాగ్వార్‌కు అక్కడ అదే తొలి గెలుపు. 1990లో ఇంకొకటి వచ్చి మొత్తం ఏడయ్యాయి. ట్రాక్ నుంచి రోడ్డుకు వచ్చిన దారి ఈసారి రోడ్డు నుంచి ట్రాక్‌కు నడిచింది.

2008లో టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను కొన్నాక ఈ వారసత్వం మన దేశపు కంపెనీ చేతికి వచ్చింది. 2013లో వచ్చిన ఎఫ్-టైప్ చక్కటి కారే. కానీ లె మాన్‌లో తేలిన జవాబు ఏదీ దానికి పునాది కాదు. ఈ-టైప్ జ్ఞాపకమే దాని బలం. 2024లో దాని తయారీ ఆగింది. అదే ఏడాది చూపించిన టైప్ 00 అనే ఎలక్ట్రిక్ నమూనాకు కూడా పొడవాటి బానెట్ ఉంది, కింద మాత్రం ఆరు సిలిండర్ల ఎత్తూ లేదు, 12 సిలిండర్ల పొడవూ లేదు. సేయర్ పద్ధతిని నిజంగా కొనసాగించాలంటే రూపాన్ని కాక, పనిని చూడాలి. ఆ పని ఇప్పుడు ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసుల్లో జరుగుతోంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులో జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదానికొకటి తగిలి తప్పుకున్నాయి. జాగ్వార్ పవర్‌ట్రెయిన్ (మోటారు, దాని శక్తిని చక్రాలకు చేర్చే ఏర్పాటు) వాడే ఎన్విజన్ జట్టు కారు మాత్రం నిక్ క్యాసిడీ చేతిలో రెండో స్థానంలో నిలిచింది. ఆ తరం కార్ల వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి చక్రాన్ని పట్టి ఆపుతుంది, ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. ఎంత వెనక్కి తీసుకోవాలి, ఏ క్షణంలో ఎంత పట్టు ఇవ్వాలి, తడి రోడ్డు మీద చక్రం జారకుండా ఎలా చూడాలి అన్నవి రేపటి రోడ్డు కార్లన్నిటికీ కావలసిన లెక్కలే.